సెల్లార్ బయటి తలుపు: తెరవాలా, వద్దా?

మిగతావాళ్ళకు కూడా అర్థం కావడానికి తమ్ముడి ప్రశ్న ముందు చెప్తాను. ఫైర్‌మన్‌గా చేరి ఏడాది కాలేదట, తిరుపతిలో పోస్టింగ్. పాత బజారు వైపు చాలా కాంప్లెక్సులకు పక్క సందులోంచి సెల్లార్‌లోకి దిగే ఇనుప తలుపులున్నాయి. సెల్లార్‌లో పొగ అని కాల్ వస్తే ముందు ఆ తలుపు పగలగొట్టి పొగ వదిలెయ్యమని ఒక సీనియర్ అంటాడట. దాని జోలికే పోవద్దని ఇంకొకాయన అంటాడట. ఏది కరెక్టు అని ప్రశ్న.

ఇద్దరూ తాము చూసినదాన్ని బట్టే చెప్తున్నారు. తెరిచి పని సులువైన కేసు చూసినవాడు తెరవమంటాడు, తెరిచి దెబ్బతిన్నవాడు వద్దంటాడు. నేను లీడింగ్ ఫైర్‌మన్‌గా రిటైరయ్యాను. సర్వీసు ఎక్కువగా చిత్తూరు, తిరుపతిలోనే గడిచింది. రెండు రకాలూ చూశాను. నా మాట ఏమిటంటే, తెరవాలి. చాలాసార్లు సెల్లార్ మంటకు అదే మంచి దారి. కానీ దాని పక్కన నిలబడ్డవాడు తన ఇష్టానికి తెరవకూడదు. మనవాళ్ళు ఎవరెవరు లోపల, ఎవరు పైన, ఎవరు మెట్ల మీద ఉన్నారో తెలిసినవాడు సరే అన్నాకే తెరవాలి.

తలుపులన్నీ ఒకటి కాదు. లాడ్జీలకు బండ్లు దిగే ర్యాంపు, దానికో షట్టర్ ఉంటుంది. కొన్నిటికి బయటినుంచి మెట్లు దిగితే అడుగున మామూలు తలుపు ఉంటుంది. ఈ రెండూ కంటికి కనిపిస్తాయి కాబట్టి కొంత నయం. నువ్వు అడిగేది మూడో రకం అనుకుంటాను. సందులో నేలకు సమానంగా పరిచిన ఇనుప రేకు మూత, రెండు రెక్కలు, పైన బీగం. బేళ్ళు, అట్టపెట్టెలు దించుకోవడానికి షాపువాళ్ళు పెట్టించుకున్నది. మామూలు రోజుల్లో దానిమీద స్కూటర్లు నిలిపి ఉంటాయి. మూడడుగుల వెడల్పు, ఐదడుగుల పొడవున్న రెక్క నాలుగు మిల్లీమీటర్ల మందం రేకుతో చేస్తే ఒక్కోటి నలభై కిలోల పైనే. యాంగిల్ ఫ్రేము బరువు అదనం.

దాని బరువు నాకు ఎలా తెలిసిందో చెప్తాను. గోవిందరాజస్వామి గుడికి అరకిలోమీటరు లోపల ఒక బట్టల షాపు. రాత్రి పదిన్నర దాటింది. షట్టర్ కింది సందులోంచి పొగ. షాపాయన అల్లుడు పక్క సందులో ఉన్న మూత బీగం చెవి పట్టుకొచ్చాడు. బీగం తీశాం, నేనూ ఇంకొకతనూ కలిసి కుడి రెక్క ఎత్తాం. ఎత్తాక నిలబెట్టే ఊత కడ్డీ ఉండాల్సిన చోట కొక్కెం ఉంది గానీ కడ్డీ లేదు. గోడకు ఆనించాం. కొంచెం వెనక్కి వాలి నిలబడింది. 'చాల్లే, నిలబడిందిగా' అనుకున్నాను. ఆ 'చాల్లే' నాదే, ఇంకెవరిమీదా తోయను.

బీఏ సెట్లు, అంటే వీపున గాలి సిలిండర్, ముఖానికి మాస్కు, వేసుకుని ఇద్దరు దిగారు. మొదటివాడు అడుక్కు చేరాడు, రెండోవాడు మూడో మెట్టు మీద ఉన్నాడు. నేను పంపు ఆపరేటర్‌కు చెయ్యెత్తి నీళ్ళు వదలమన్నాను. నీళ్ళు నిండితే హోస్ ఎలా ఉంటుందో నీకు తెలుసు. అప్పటిదాకా గుడ్డలాగా పడి ఉన్నది బిగుసుకుని, మలుపుల దగ్గర ఒక్కసారిగా నిటారుగా అయ్యి పక్కకు కొడుతుంది. అది కొట్టింది సరిగ్గా రెక్క అంచుకే. రెక్క ముందుకు పడింది. రెండోవాడి హెల్మెట్ మీద తగిలి, వాణ్ణి రెండు మెట్లు కిందికి తోసి, హోస్ మీద పడి నొక్కేసింది. కింద బ్రాంచిలో, అంటే హోస్ చివర నీళ్ళు చిమ్మే ముక్కులో, నీళ్ళు సన్నగిల్లి ధార మొలతాడంత అయిపోయిందని మొదటివాడు తర్వాత చెప్పాడు. పైన మూత పడింది, చేతిలో నీళ్ళు లేవు, ఎదురుగా మంట. మేం మళ్ళీ ఎత్తడానికి అర నిమిషం కూడా పట్టి ఉండదు. ఇద్దరూ పైకొచ్చారు, ఒకడికి భుజం వాచింది, అంతే. సొట్ట పడ్డ ఆ హెల్మెట్ చాలాకాలం స్టేషన్లో మేకుకు వేలాడుతూ ఉండేది.

అప్పట్నుంచి నా పద్ధతి ఇది. మూత రెక్కలు రెండూ తెరవాలి, ఒకటి కాదు. వెనక్కి పూర్తిగా నేలమీద పడుకునేటట్టయితే పడుకోబెట్టాలి. గోడ అడ్డొచ్చి నిలబడే ఉండాల్సి వస్తే తాడుతో కిటికీ ఊచకో, పైపు బిగింపుకో కట్టాలి. టైముంటే బందు పుల్లలు కొట్టేసి రెక్కనే ఊడదీసి పక్కన పడెయ్యడం ఇంకా మేలు. షాపాయన తిడతాడు, తిట్టనీ. కొత్త కాంప్లెక్సుల్లో కారు డిక్కీకి ఉన్నట్టు గ్యాస్ స్ప్రింగులు పెడుతున్నారు, వేడి తగిలితే వాటిని నమ్మొద్దు. హోస్ ఎప్పుడూ బందులు లేని వైపునుంచే దించాలి. దించే ముందే పైన నీళ్ళు నింపుకోవాలి, దిగాక కాదు. ఇంకో విషయం, 63 మిల్లీమీటర్ల హోస్ పదిహేను మీటర్ల ముక్కలో పట్టే నీళ్ళే నలభై ఐదు కిలోల పైన బరువుంటాయి. నిట్టనిలువు మెట్ల మీద అంత బరువును ఒక్కడు ఈడ్చలేడు. మూత దగ్గర హోస్ అందించడానికి ఒక మనిషి ఉండి తీరాలి. రెక్కమీద ఓ కన్నేసి ఉంచేదీ అతనే. మనుషులు తక్కువని అతన్ని ఇంకో పనికి లాగొద్దు.

ఇది తలుపు బరువు సంగతి. అసలు భయం దానిలోంచి పోయే గాలితో.

మన చిత్తూరు వైపు బెల్లం వండే పొయ్యి చూసే ఉంటావు. ఒక పక్క నోరు, అందులోంచి చెరకు పిప్పి తోస్తుంటారు. రెండో పక్క పొగగొట్టం. నోటి దగ్గర పిప్పి అడ్డంగా పడితే పొయ్యి మూలుగుతూ పొగ కక్కుతుంది. కర్రతో దాన్ని కదిపి గాలి తగలనిస్తే మంట ఒక్క ఊపున పొగగొట్టం వైపు దూకుతుంది. పొగగొట్టంలో ఎవరూ కూర్చోరు కాబట్టి ఎవరికీ ఏమీ కాదు. సెల్లార్ మంటలో బయటి మూత ఆ నోరు. లోపలినుంచి గ్రౌండ్ ఫ్లోర్‌కి వచ్చే మెట్లు ఆ పొగగొట్టం. నువ్వు సందులో మూత ఎత్తే సమయానికి మనవాళ్ళే ఇద్దరు లోపలి మెట్ల మీద ఉన్నారనుకో, పొగగొట్టంలో మనుషుల్ని కూర్చోబెట్టి నువ్వు గాలి వదిలినట్టే.

ఇది ఊహించి చెప్పే మాట కాదు. 1999 మే 30న అమెరికాలో వాషింగ్టన్ నగరం చెర్రీ రోడ్డులో ఒక ఇంటి బేస్‌మెంట్ అంటుకుంది. ముందు వైపునుంచి వెళ్ళిన సిబ్బంది పై అంతస్తులో వెతుకుతున్నారు. వెనక వైపు బేస్‌మెంట్ గాజు తలుపు తెరుచుకున్నాక కిందికి గాలి దూరి, వేడి వాయువులు మెట్లగుండా పైకి ఎగదన్నాయి. ఇద్దరు ఫైర్‌ఫైటర్లు చనిపోయారు. ముందు ఉన్నవాళ్ళకూ వెనక ఉన్నవాళ్ళకూ ఒకరు చేసేది ఇంకొకరికి తెలియకపోతే జరిగేది ఇదే. తర్వాత అక్కడి ప్రమాణాల సంస్థ నిస్ట్ ఆ మంటను కంప్యూటర్‌లో మళ్ళీ కట్టి చూసి, గాలి ఎటునుంచి ఎటు పోయిందో తేల్చింది.

మన దగ్గర ఇంకో కోణం కూడా ఉంది. 2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్ ఉన్న లాడ్జి గుర్తుందిగా? కింద పుట్టిన పొగ మెట్లగుండా పైకెక్కింది, ఎనిమిది మంది పోయారు. తిరుపతిలో లాడ్జి అంటే అర్ధరాత్రి వచ్చి పడుకున్న యాత్రికులు. వాళ్ళకు ఆ బిల్డింగులో మెట్లు ఎటున్నాయో కూడా తెలియదు, లిఫ్టులో పైకెళ్ళి పడుకుని ఉంటారు. నువ్వు కింద తలుపు తెరిస్తే వాళ్ళ మెట్లలోకి పొగ ఇంకా జోరుగా ఎక్కొచ్చు. అందుకే సెల్లార్‌కీ పైమెట్లకీ మధ్య తలుపు ఉంటే దాన్ని ముందు మూయించు. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం సెల్లార్ మెట్లు పై అంతస్తుల మెట్లతో ఏకంగా ఉండకూడదు, ఉంటే గోడా తలుపూ పెట్టి వేరుచేసి ఉండాలి. నువ్వు చూడబోయే చోట ఆ తలుపుకు అడ్డంగా నీళ్ళ క్యాన్లు ఉంటాయి, అది వేరే సంగతి.

మరి మూత దగ్గర చేసే పని వరుసగా చెప్తాను. బండి దిగగానే బిల్డింగు చుట్టూ ఒక చుట్టు తిరగాలి. నాలుగు పక్కలా వీల్లేకపోతే తిరగ్గలిగినంత. దొరికిన వాచ్‌మన్‌నో, షాపు కుర్రాణ్ణో మూడు ముక్కలు అడుగు. కింద సరుకేమిటి, లోపలి మెట్లు ఎక్కడ దిగుతాయి, కింద ఎవరైనా పడుకుంటారా? మూడోది మర్చిపోవద్దు. సీజన్లో పనివాళ్ళు సెల్లార్లోనే పక్కలేసుకుంటారు, ఓనర్ భయపడి 'ఎవరూ లేరు సార్' అంటాడు. పక్క టీ కొట్టాయన్ని కూడా అడుగు.

తర్వాత మూతను చూడు. చెంబుడు నీళ్ళు దానిమీద పోస్తే ఎక్కడ ఆవిరై పోతుందో, ఎక్కడ తడిగానే ఉంటుందో తెలిసిపోతుంది. అంచుల్లోంచి పొగ ఎలా వస్తోంది? మెల్లగా, ఒకే తీరుగా వస్తే ఒక రకం. ఊపిరి పీల్చి వదిలినట్టు బయటికి కక్కి మళ్ళీ లోపలికి లాక్కుంటూ ఉంటే మాత్రం చెయ్యి తీసెయ్, ఆఫీసర్‌కు చెప్పు. లోపల వేడీ, మండే వాయువులూ నిండి గాలికోసం చూస్తున్నాయన్నమాట. దాన్ని తెరవగానే పేలినట్టు ఎగదన్నుతుంది.

వాసన చూడు. సెల్లార్లో మెస్సు వంట ఉన్నా, సిలిండర్లు దాచినా ఎల్‌పీజీ సంగతి గుర్తుండాలి. అది గాలికంటే ఒకటిన్నర రెట్లకు పైనే బరువు. మీదనుంచి కారినా పోయి సెల్లార్లోనే చేరుతుంది. గ్యాసు వాసన ఉంటే బీగం మీద కట్టింగ్ మెషీన్ పెట్టడం అంటే అగ్గిపుల్ల గీసినట్టే. కరెంటు కూడా లోపలి స్విచ్చి దగ్గర కాదు, బయట స్తంభం దగ్గర తీయించాలి.

ఇవన్నీ అయ్యాక, లోపల ఉన్న మనవాళ్ళను మెట్ల మీదనుంచి వెనక్కి పిలిచి, వాళ్ళు వచ్చేశామని చెప్పాకే మూత. హోస్‌లో నీళ్ళు నిండి బ్రాంచి చేతిలో ఉండాలి, బీఏ ముఖానికి ఉండాలి. 'తెరిచేదేగా, దిగేటప్పుడు పెట్టుకుంటాలే' అనేవాడే తెరిచిన చోట కూలబడేది. నోటికి ఎదురుగా నిలబడొద్దు, పక్కన వంగి ఉండు. తెరవగానే దిగకు. పైనుంచే ధారను సూటిగా లోపలి కప్పుకు తగిలేలా కొట్టు, కొంచెం అటూ ఇటూ తిప్పు, ఆపి చూడు. వెడల్పుగా చిమ్మే స్ప్రే పెట్టి నోరంతా మూసెయ్యకు. పొగ పైకొచ్చే దారి కూడా అదే. పైగా లీటరు నీళ్ళు ఆవిరైతే పదిహేడు వందల లీటర్ల దాకా అవుతుంది, అదంతా నీ ముఖానికే వస్తుంది.

బయటినుంచి నీళ్ళు కొడితే మంట పైకి తోసుకుపోతుందని మా కాలంలో గట్టిగా నమ్మేవాళ్ళం. 2012లో న్యూయార్క్ పక్కన గవర్నర్స్ ఐలాండ్‌లో ఖాళీ ఇళ్ళకు నిప్పుపెట్టి, లోపల అంతటా వేడిని కొలుస్తూ అక్కడివాళ్ళు పరీక్షలు చేశారు. బేస్‌మెంట్ మంటలు కూడా అందులో ఉన్నాయి. మంట ఉన్న మట్టంలోనే బయటినుంచి నీళ్ళు పడితే కిందా పైనా రెండుచోట్లా వేడి తగ్గిందే గానీ మంట పైకి నెట్టుకుపోలేదు. మంటను తోసేది గాలి, నీళ్ళు కాదు. కాబట్టి మీ మొదటి సీనియర్ మాటలో నిజం ఉంది, ఆయన వదిలేసిన ముక్క ఒక్కటే. తెరవడం, నీళ్ళు కొట్టడం మధ్య సందు ఉండకూడదు. తెరిచి, 'పొగ పోనీలే' అని హోస్ కోసం బండి దగ్గరికి నడిచేంత టైములో మంట రెండింతలవుతుంది.

బయటి దేశం పాఠాల్లో ఒకటి మాత్రం మనకు కొంచెం మార్చుకోవాలి. వాళ్ళ ఇళ్ళలో బేస్‌మెంట్ మీద చెక్క నేల. అది కాలి, పైన నిలబడ్డవాడితో సహా కూలడం వాళ్ళకు పెద్ద గండం. మనది ఆర్‌సీసీ స్లాబు, అంత తొందరగా కూలదు. కానీ వేడిని పట్టి ఉంచి సెల్లార్‌ను బట్టీ చేస్తుంది. పాత బజారు బిల్డింగుల్లో ఇనుప దూలాల మీద రాతి బండలు పరిచిన కప్పులు ఇంకా ఉన్నాయి. వాటిని స్లాబు అనుకోవద్దు. ఇనుము 550 డిగ్రీల దగ్గర బలం సగానికి సగం పోగొట్టుకుంటుంది. బండ వేడికి పగిలితే చెప్పి పగలదు.

దిగాల్సి వస్తే ఇద్దరికి తక్కువ కాకుండా, తాడుతో. ముందు గడ్డపారతో మెట్టును తట్టి చూసి కాలు పెట్టు. సగం సెల్లార్లలో మెట్ల మీదే అట్టపెట్టెలు పేర్చి ఉంటాయి. 300 బార్ల ఒత్తిడితో నింపిన ఆరు లీటర్ల బీఏ సిలిండర్లో 1800 లీటర్ల గాలి ఉంటుంది, పేపరు మీద నలభై ఐదు నిమిషాలు. బరువు లాగుతూ, టెన్షన్‌తో ఊపిరి తీస్తే అందులో సగానికే అయిపోతుంది. ఒత్తిడి 55 బార్లకు పడిపోయి హెచ్చరిక ఈల మోగాక బయల్దేరతానంటే మామూలు గదిలో సరిపోతుందేమో, సెల్లార్లో సరిపోదు. తిరుగుదారి మెట్లెక్కేది, హోస్‌ను దాటేది, ఒక్కోసారి వెతుక్కునేది కూడా. ఇంకోటి, మనం కొట్టిన నీళ్ళు ఎక్కడికీ పోవు. వెయ్యి లీటర్లు అంటే టన్ను. బట్టల బేళ్ళు, పేపరు కట్టలు ఆ నీళ్ళు తాగి ఉబ్బి, పేర్చిన వరస నీమీదికి ఒరుగుతుంది. 2021 నవంబర్ వానలకు తిరుపతి వీధులు చెరువులైనప్పుడు సెల్లార్లలో నీళ్ళు తోడినవాళ్ళని అడుగు, తడిసిన సరుకు ఎలా కూలుతుందో చెప్తారు.

మూత తెరిచాక సందులో నువ్వొక బావి తవ్వినట్టే. అది మంటలో దిగేవాడికన్నా పక్కనుంచి పరిగెత్తుకొచ్చేవాడికి ఎక్కువ ప్రమాదం. రాత్రి, పొగ నేలబారుగా పారుతుంటుంది, జనం ఫోన్లు ఎత్తిపట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తుంటారు. అంచు దగ్గర లైటు పెట్టు, తాడు కట్టు, షాపుల బయట ఉండే స్టూళ్ళో బెంచీలో అడ్డంగా పడెయ్యి. మూసి ఉన్న మూత మీద కూడా నడవకు. పైన పెయింటు నిగనిగలాడుతుంది, కింద తడికి తుప్పు తినేసి ఉంటుంది. చిత్తూరులో ఒకసారి నా కాలు పిక్కదాకా దిగిపోయింది. మంట కూడా లేదు, ఊరికే ఇన్‌స్పెక్షన్‌కు పోయాను.

ఇది చదివే ఓనర్లకు రెండు మాటలు. బయటి మూతకు ఊత కడ్డీ ఉందో లేదో రేపు చూసుకోండి. మెట్ల మీద సరుకు తీసెయ్యండి. సెల్లార్‌కు గాలి గవాక్షాల మొత్తం వైశాల్యం నేల వైశాల్యంలో రెండున్నర శాతానికి తగ్గకూడదని బిల్డింగ్ కోడ్ చెప్తుంది. నాలుగు వేల చదరపు అడుగుల సెల్లార్‌కు వంద చదరపు అడుగులు. మీరు దోమలొస్తున్నాయని వాటికి రేకులు కొట్టించి ఉంటారు, ఊడదీయించండి. ఆ గవాక్షాలుంటే మేం మీ మూత ఎత్తాల్సిన అవసరమే చాలాసార్లు రాదు.

తమ్ముడూ, ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు చేస్తాం. కరపత్రాలు ఎలాగూ పంచుతావు. చేతిలో ఓ నోటుబుక్కు కూడా పెట్టుకుని రోజుకో సందు తిరుగు. మూత ఎక్కడ, బందులు ఏ వైపు, లోపలి మెట్లు ఎక్కడ తేలతాయి, బీగం చెవి రాత్రిళ్ళు ఎవరి దగ్గర ఉంటుంది, ఇవన్నీ గీసుకో. వీలైతే ఒక మధ్యాహ్నం ఆఫీసర్‌ను అడిగి, బీఏ సెట్ వీపున తగిలించుకుని నిజంగానే ఒకటి రెండు మూతల్లోంచి దిగి చూడు. కొన్నిటిలో సిలిండర్‌తో మనిషి పట్టడు. అలాంటివి ఎన్ని తేలితే అన్నీ స్టేషన్ బోర్డు మీద రాయించు, అక్కడ దిగే మాట లేదు, పైనుంచి నీళ్ళే అని.